ప్రకటన ఇవ్వరాని వృత్తిలో ప్రచార విభాగం: లా ఫర్మ్ మార్కెటింగ్‌లోకి రావడం ఎలా

హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పదకొండేళ్లు సబ్ ఎడిటరుగా పనిచేసి, 2020లో కరోనా దెబ్బకు పత్రికలు పేజీలు కుదించుకున్నప్పుడు ఉద్యోగం పోగొట్టుకున్న నేను, నాలుగు నెలలు ఎలాగో గడిస్తే చాలునన్న ఉద్దేశంతో ఒక లా ఫర్మ్‌లో ఇంగ్లీషు పత్రాల ప్రూఫులు దిద్దే తాత్కాలిక పనిలో చేరాను. లాయర్ల ఆఫీసులో మార్కెటింగ్ విభాగం ఒకటి ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు అదే విభాగంలో స్థిరపడి, కొత్తగా చేరాలనుకునేవారి రాతపరీక్షలు దిద్దుతున్నాను. ఈ ఉద్యోగం గురించి కాలేజీల్లో ఎవరూ చెప్పరు కనుక, ఇందులో ఉన్నవారిలో చాలామంది నాలాగా దారి తప్పి వచ్చినవారే. దారి తెలిసి రావాలనుకునేవారికి ఉపయోగపడే వివరాలను ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగ ప్రకటనల్లో ఈ విభాగానికి ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పేరు పెడుతుంది: మార్కెటింగ్ అండ్ కమ్యూనికేషన్స్, క్లయింట్ రిలేషన్స్, నాలెడ్జ్ అండ్ కమ్యూనికేషన్స్, అన్నింటికంటే ఎక్కువగా బిజినెస్ డెవలప్‌మెంట్. వెతికేటప్పుడు ఈ పేర్లన్నింటితోనూ వెతకాలి. ఆఫీసులో మాత్రం అందరూ పొట్టిగా 'బీడీ' అంటారు. నేను బీడీ టీములో చేరానని ఫోనులో చెప్పినప్పుడు, నిజామాబాదులో ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టిన మా మేనత్త కాసేపు మౌనంగా ఉండి, "గంత సదువు సదివి బీడీలు చుట్టుడేంది బిడ్డా" అని బాధపడింది. ఆమెకు నా పని ఏమిటో వివరించడానికి పట్టిన సమయంలో, అది నాకే ఎంత అస్పష్టంగా ఉందో నాకు తెలిసివచ్చింది.

మొదట చదవవలసింది నిబంధన 36

మన దేశంలో న్యాయవాది తన వృత్తికి ప్రచారం చేసుకోకూడదు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన నియమావళిలో 36వ నిబంధన ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. సర్క్యులర్లు, ప్రకటనలు, దళారులు, వ్యక్తిగత లేఖలు, ముందు పరిచయం లేనివారిని పనికోసం కలవడం, తాను చూస్తున్న కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించడం లేదా ఫొటోలు వేయించుకోవడం, ఇవేవీ ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని చేయరాదు. చివరికి నేమ్ బోర్డు కూడా సముచితమైన పరిమాణంలోనే ఉండాలి. తాను పూర్వం జడ్జిననో, ఫలానా రకం కేసుల్లో నిపుణుడిననో దాని మీద రాసుకోకూడదు. ఉల్లంఘించినవారిని ఆ చట్టం 35వ సెక్షన్ కింద మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, రోల్స్ (న్యాయవాదుల జాబితా) నుంచి పేరే తొలగించవచ్చు.

ఈ నిబంధనకు ఒకే ఒక చిన్న కిటికీ 2008లో తెరుచుకుంది. అప్పటి సవరణ ప్రకారం న్యాయవాదులు వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, సభ్యత్వం ఉన్న బార్ అసోసియేషన్, విద్యార్హతలు, ప్రాక్టీసు చేసే రంగాలు చెప్పుకోవచ్చు. ఏ లా ఫర్మ్ వెబ్‌సైటు తెరిచినా ముందుగా ఒక పెట్టె ఎదురై, "ఈ సమాచారాన్ని నా అంతట నేనే కోరుకుంటున్నాను, నన్ను ఎవరూ ప్రలోభపెట్టలేదు" అన్న అర్థం వచ్చే మాటలకు మనచేత అంగీకారం తీసుకునేది ఈ నిబంధన వల్లనే. ఆ పెట్టెలోని వాక్యాలను దిద్దడం నాకు అప్పగించిన మొదటి పనుల్లో ఒకటి.

ఇటీవలి పరిణామాలు కూడా తెలిసి ఉండాలి. ఆన్‌లైన్ సేవల వేదికల్లో లాయర్లకు రేటింగులిచ్చి, ధరల పట్టికలు పెట్టి సేవలు అమ్మడాన్ని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు తీవ్రంగా తప్పుపట్టి, అటువంటి న్యాయవాదులపై చర్యలు తీసుకునేలా చూడాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ మరో ప్రకటన విడుదల చేసి, సినిమా నటులతోను సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లతోను వృత్తికి ప్రచారం చేయించుకోవడాన్ని ఖండించింది. ఈ పరిస్థితుల్లో కొత్తగా చేరినవాడు ఉత్సాహంకొద్దీ రాసిన ఒక రీల్ స్క్రిప్టు పార్ట్‌నరు (ఫర్మ్‌లో వాటా ఉన్న పెద్ద లాయరు) గారి సనదుకే, అంటే వృత్తి చేసే అనుమతికే, ముప్పు తేగలదు. అందుకే మా టీములోకి వచ్చేవారిని నేను మొదటి వారం ఏమీ రాయనివ్వను. నిబంధన చదివించి, పాత పోస్టులు పది ముందు పెట్టి, వాటిలో ఏ వాక్యం హద్దు దాటిందో గుర్తించమంటాను.

మరి ప్రచారమే నిషిద్ధమైతే మార్కెటింగ్ విభాగం ఏం చేస్తుందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అడిగినవారికి సరిగ్గా సమాధానం చెప్పడానికి కావలసినదంతా సిద్ధంగా ఉంచడమే ఆ విభాగం పని. ఒక కంపెనీ నాలుగు లా ఫర్మ్‌లను పిలిచి ప్రతిపాదనలు అడుగుతుంది. ఒక బ్యాంకు లేదా ప్రభుత్వ రంగ సంస్థ న్యాయవాదుల ప్యానెల్ కోసం దరఖాస్తులు ఆహ్వానిస్తుంది. లాయర్లను అంచెలవారీగా నిలబెట్టే ఒక డైరెక్టరీ వివరాలు కోరుతుంది. ఉన్న క్లయింటు కొత్త చట్టం తన వ్యాపారాన్ని ఎలా తాకుతుందో చెప్పమంటాడు. వీటన్నింటికీ సమాధానం కాగితం మీదనే వెళుతుంది, ఆ కాగితం మేము తయారుచేస్తాము. పరిచయం లేని కంపెనీలకు ఫోన్లు చేసి కేసులు తెమ్మనే సంస్థ ఏదైనా మిమ్మల్ని పిలిస్తే అటు వెళ్లకండి. ముఖ్యంగా, తెచ్చిన కేసుకింత అని కమిషన్ ఇస్తామంటే అసలే ఒప్పుకోకండి: న్యాయవాది తన ఫీజును న్యాయవాది కానివారితో పంచుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. కోర్టు ఆవరణల్లో తిరిగే దళారుల పేర్లతో జాబితాలు ప్రకటించే అధికారాన్ని హైకోర్టులకు, జిల్లా జడ్జీలకు ఇస్తూ 2023లో అడ్వొకేట్స్ చట్టానికి 45ఏ సెక్షన్ చేర్చారు. జాబితాలో ఉండి కూడా ఆ పని చేసినవారికి మూడు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఈ రంగంలో జీతం జీతంగానే ఉండాలి.

ఎవరు రావచ్చు

నేను చూసినంతలో ఈ పనిలో రాణిస్తున్నవారు: పత్రికల డెస్కుల నుంచి వచ్చినవారు, ఎల్ఎల్‌బీ చదివి కోర్టుకు వెళ్లడం ఇష్టంలేనివారు, కంపెనీ సెక్రటరీ కోర్సు మధ్యలో వదిలేసినవారు, లైబ్రేరియన్లు, పార్ట్‌నర్ల దగ్గర సెక్రటరీలుగా ఏళ్ల తరబడి పనిచేసి ఏ ఫైలు ఎక్కడుందో తెలిసినవారు. ఎంబీఏలు వస్తారు గాని, సబ్బులు, బిస్కెట్లు అమ్మే పాఠాలు ఇక్కడ పనికిరావని తెలిసిన తరువాత సగంమంది విసుగెత్తి వెళ్లిపోతారు. లా డిగ్రీ తప్పనిసరి కాదు; ఉంటే చట్టం భాష భయపెట్టదు, అంతే. రాత మాత్రం దాదాపు అంతా ఇంగ్లీషులోనే. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీనికి జంకవలసిన పనిలేదు. ఏజెన్సీ వార్తను ఇంగ్లీషులో చదివి, సారం పట్టుకుని, గంటలో తెలుగులో పేజీకి ఎక్కించిన డెస్కు అనుభవం నాకు ఏ వ్యాకరణ పుస్తకం కంటే ఎక్కువగా ఉపయోగపడింది. ఎందుకంటే ఒక వాక్యాన్ని రెండో భాషలోకి మార్చాలంటే ముందు దానికి అర్థముందో లేదో తేల్చుకోక తప్పదు, లాయర్లు రాసే వాక్యాల్లో ఆ తేల్చుకోవడమే అసలు కష్టం.

ఎల్ఎల్‌బీ చేసి ఇప్పటికే ఎన్‌రోల్ అయినవారు ఒక విషయం గమనించాలి. ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది మరొకరి దగ్గర పూర్తికాలపు జీతపు ఉద్యోగిగా ఉండకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లో 49వ నిబంధన చెబుతుంది. అటువంటి ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపాలి. బీడీ ఉద్యోగం ఒప్పుకునే ముందు మీ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఈ పని పూర్తిచేసుకోండి. తరువాత ఎప్పుడైనా నల్లకోటు మళ్లీ వేసుకోవాలనిపిస్తే పాత లెక్కలు శుభ్రంగా ఉంటాయి.

పని నేర్చుకోవలసిన చోటు

మిగిలినవన్నీ చేతిపనులు, అసలు విద్య ఒకటుంది. చేసిన పనిని లాయరు నోటినుంచి రాబట్టి, ఆ పని తెలియని మనిషికి అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాయడం. ఆఫీసు భాషలో దీన్ని మ్యాటర్ రాయడం అంటారు. ప్రతిపాదనలు, డైరెక్టరీలకు పంపే వివరాలు (సబ్మిషన్లు), లాయర్ల ప్రొఫైళ్లు అన్నీ ఈ మ్యాటర్లతోనే కట్టబడతాయి, ఇటుకలతో గోడ కట్టినట్లు.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీకి చెందిన ఫ్యాక్టరీని మరో కంపెనీ కొన్నది. కొన్నవారి తరఫున మీ ఫర్మ్ పనిచేసింది. వివరాలు చెప్పమని పార్ట్‌నరు గారిని అడిగితే, "చాలా పెద్ద డీల్, కాంప్లెక్స్ ట్రాన్సాక్షన్, మొదటినుంచి చివరిదాకా మేమే చూశాం" అని చెప్పి ఆయన ఫోనందుకుంటారు. ఆ మాటలనే అందంగా రాసి పంపితే, అటువంటివే నాలుగు వందలు చదివిన డైరెక్టరీ పరిశోధకుడు దాన్ని దాటి వెళ్లిపోతాడు. మీరు చేయవలసింది ఫోను పెట్టేసేవరకు అక్కడే కూర్చోవడం. ఆ తరువాత అడగవలసిన ప్రశ్నలు సాదావి: ఎక్కడ ఆగిపోయింది? ఎవరు దేనికి ఒప్పుకోలేదు? మీరు కాగితం మీద ఏం మార్చిన తరువాత ముడి విడిపోయింది? అప్పుడు తెలుస్తుంది, ఆ భూమి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కేటాయించినదని, దాని అనుమతి లేకుండా బదిలీ కుదరదని, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతులు పాత కంపెనీ పేరు మీద ఉన్నాయని, అవి మారేదాకా డబ్బు కట్టనని కొనేవారు, కట్టనిదే తాళాలు ఇవ్వమని అమ్మేవారు రెండు నెలలు పట్టుబట్టి కూర్చున్నారని. చివరికి లాయర్లు ధరను రెండు విడతలుగా విడగొట్టి, రెండో విడతను అనుమతుల బదిలీకి ముడిపెట్టి, ఈలోగా ఉత్పత్తి ఆగకుండా ఒక తాత్కాలిక ఒప్పందం రాశారు.

ఇప్పుడు రాయవలసిన మాటలు ఇవి: "భూమి, పర్యావరణ అనుమతుల బదిలీ పూర్తికాకముందే ఫ్యాక్టరీ నడిచేలా తాత్కాలిక ఒప్పందాన్ని, అనుమతులకు ముడిపడిన రెండు విడతల చెల్లింపు పద్ధతిని రూపొందించి, కొనుగోలుదారు తరఫున లావాదేవీని పూర్తిచేశాము." ఇందులో 'పెద్ద' లేదు, 'ప్రముఖ' లేదు, 'అగ్రగామి' లేదు. రేపు ఇటువంటి ఇబ్బందిలోనే ఉన్న మరో మందుల కంపెనీ న్యాయ విభాగాధిపతి చదివితే, తన సమస్యను వీళ్లు ముందే చూశారని ఆయనకే తెలుస్తుంది. గొప్ప విశేషణం నిబంధన 36 దృష్టిలో ప్రమాదం, చదివేవాడి దృష్టిలో చప్పదనం. రెండు కారణాలకూ ఒకటే మందు.

ఈ సంభాషణకు లాయర్ల సమయం దొరకడం కష్టం. వారు గంటల లెక్కన బిల్లు వేసే మనుషులు, మీతో గడిపే గంటకు బిల్లు లేదు. పెద్ద పార్ట్‌నరు వెంట పడడంకంటే, ఆ ఫైలు మీద రాత్రులు మేలుకున్న జూనియర్ అసోసియేటును (పార్ట్‌నరు కింద పనిచేసే లాయరును) టీ తాగడానికి పిలవడం మేలని నా అనుభవం; ముడి ఎక్కడ పడిందో వారికి ఇంకా గుర్తుంటుంది, చెప్పుకోవాలన్న కోరికా ఉంటుంది. కోర్టు కేసులైతే గుమస్తా గారిని పట్టుకోండి. వాయిదాల తేదీలు వారు చెప్పినంత ఖచ్చితంగా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

డైరెక్టరీల కాలం

చాంబర్స్ అండ్ పార్ట్‌నర్స్, లీగల్ 500, ఐఎఫ్ఎల్ఆర్1000 వంటి డైరెక్టరీలు ఏటా ఫర్మ్‌ల నుంచి వివరాలు తెప్పించుకుని, క్లయింట్లతో మాట్లాడి, ఒక్కొక్క రంగంలో ఫర్మ్‌లను, లాయర్లను అంచెలుగా నిలబెడతాయి. విదేశీ కంపెనీ మన దేశంలో లాయరును వెతుక్కునేటప్పుడు చూసే మొదటి చోట్లలో ఇవి ఉన్నాయి. చాంబర్స్‌కు ఒక్కొక్క ప్రాక్టీసు రంగానికి ప్రచురించదగినవి పది, గోప్యంగా ఉంచవలసినవి పది, మొత్తం ఇరవై మ్యాటర్ల వరకు పంపవచ్చు. ఫర్మ్ గురించి చెప్పగల రెఫరీలుగా ఇరవైమంది క్లయింట్ల పేర్లు ఇవ్వవచ్చు. ఫర్మ్‌కు ఎనిమిది ప్రాక్టీసు రంగాలుంటే ఈ లెక్క ఎంతవుతుందో చూసుకోండి. గడువుల పట్టికలను ఆ సంస్థలే తమ వెబ్‌సైట్లలో ముందుగా ప్రకటిస్తాయి. చేరిన రోజే వాటిని క్యాలెండరులో ఎక్కించుకుని, గడువుకు కనీసం ఆరు వారాల ముందు మ్యాటర్లు అడగడం మొదలుపెట్టాలి.

నా పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. రెండో ఏడాది ఒక సబ్మిషన్‌లో, ఇంకా బయటకు ప్రకటించని ఒక లావాదేవీని నేను గోప్యమైన వరుస నుంచి తీసి ప్రచురించదగిన వరుసలో పెట్టాను. అందులో ఖాళీ ఉంది, ఆ మ్యాటరు బాగుంది, నా ఆలోచన అంతవరకే సాగింది. పంపే ముందు రాత్రి ఒక అసోసియేటు చూసి పట్టుకున్నారు కనుక బయటపడ్డాను. లాయరుకు క్లయింటు చెప్పిన మాటల గోప్యతను కాపాడే భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ లాయరు దగ్గర పనిచేసే గుమస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుంది. అంటే నాకూ వర్తిస్తుంది. అప్పటినుంచి నా ఎక్సెల్ పట్టికలో ప్రతి మ్యాటరు పక్కన 'బయటపెట్టవచ్చని ఎవరు, ఏ తేదీన, ఏ ఈమెయిల్‌లో చెప్పారు' అనే గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ఆ మ్యాటరు గోప్యమే. నోటిమాటగా వచ్చిన అనుమతి అనుమతి కాదు.

రెఫరీల విషయంలో మరో జాగ్రత్త: ఒకే క్లయింటు పేరును నాలుగు విభాగాలవారు ఇస్తే ఆయనకు నాలుగు ఈమెయిళ్లు వెళ్లి, విసిగిపోయి దేనికీ జవాబివ్వడు. ముందుగా ఆయన సమ్మతి అడగండి, పేర్లన్నీ ఒక్క పట్టికలో పెట్టి ఎవరు ఎవరిని వాడుకోవాలో మీరే తీర్పు చెప్పండి. పార్ట్‌నర్లు కోప్పడతారు, పడనివ్వండి.

ఈ డైరెక్టరీల్లో స్థానం డబ్బుకు రాదు. అదనపు ప్రొఫైలు పేజీకి, లోగో వాడుకోవడానికి డబ్బు తీసుకుంటారు, అది వేరు. వీటిని చూసి పుట్టుకొచ్చిన అవార్డులు కొన్ని ఉన్నాయి: ముందు మీరు గెలిచారంటారు, తరువాత విందు టేబుల్‌కు ఇంత, ట్రోఫీకి ఇంత అంటారు. పార్ట్‌నరు గారి గోడ మీద అటువంటి ట్రోఫీ కనిపించినా కొత్తలో నోరు మెదపకండి. బడ్జెట్ మీ చేతికి వచ్చిన ఏడాది మాత్రం ఆ వరుసను కొట్టివేయండి.

అలర్టులు, ప్రతిపాదనలు, సభలు

కొత్త చట్టమో, ముఖ్యమైన తీర్పో వచ్చినప్పుడు ఉన్న క్లయింట్లకు పంపే రెండు పేజీల వివరణను క్లయింట్ అలర్ట్ అంటారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చినప్పుడు, 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఇవి వానజల్లులా కురిశాయి. వాటిలో చాలావరకు చట్టంలోని సెక్షన్లను వరుసగా తిరగరాసినవే. ఆసుపత్రి నడిపేవాడికి కావలసింది సెక్షన్ల వరుస కాదు, తన రిసెప్షన్‌లో పేషెంటు ఆధార్ జిరాక్సు తీసుకుని ఫైలులో పెట్టడం ఇకమీద ఏ ఇబ్బంది తెస్తుందన్నది. లాయరు రాసిన ముసాయిదాలో అటువంటి మనిషిని వెతికి ముందుకు తేవడం మీ పని. చట్టపరమైన వాక్యాన్ని మాత్రం సొంతంగా మార్చకండి, మార్చవలసివస్తే రంగు వేసి వెనక్కి పంపండి.

ప్రతిపాదనలో మొదటి సూత్రం అడిగినదానికే జవాబు రాయడం. ఫీజు ఎలా తీసుకుంటారని అడిగిన చోట ఫర్మ్ చరిత్ర రాసి పంపినవారిని ఎన్నిసార్లో చూశాను. సభల గురించి ఎక్కువ చెప్పను. హాలు, మైకు, భోజనం ఎవరైనా చూడగలరు. హైదరాబాదులో 2021 డిసెంబరులో కోర్టు బయట వివాదాలు తేల్చే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైన తరువాత ఆ రంగపు చర్చాసభల పట్ల ఇక్కడ ఆసక్తి పెరిగింది కనుక, ఆర్బిట్రేషన్ పదజాలం కొంత పరిచయం చేసుకోవడం లాభిస్తుంది.

ఉద్యోగం సంపాదించడం

దేశంలోని పెద్ద ఫర్మ్‌ల బీడీ విభాగాల్లో ఎక్కువమంది ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉంటారు. హైదరాబాదు ఆఫీసుల్లో సాధారణంగా ఒకరిద్దరే ఉంటారు, మధ్యతరహా ఫర్మ్‌లలో అసలే ఉండరు. ఆ పని ఎవరో అసోసియేటు నెత్తిన ఉంటుంది. ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూడడం కంటే, అటువంటి మధ్యతరహా ఫర్మ్‌కు నమూనాలతో వెళ్లడం మేలు. నిబంధన 36 న్యాయవాది పనికోసం అర్థించడాన్ని నిషేధిస్తుంది గాని, మీరు ఉద్యోగం అడగడాన్ని కాదు.

బయోడేటాకు జతగా మూడు నమూనాలు చాలు. ఒకటి, ఇటీవలి తీర్పు ఒకదానిపై ఒక పేజీ అలర్టు. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ముందు తెలుగులో చదివి విషయం పట్టుకుని, తరువాత ఇంగ్లీషు మూలం చదివితే తడబాటు తగ్గుతుంది. రెండు, ఏదైనా ఫర్మ్ వెబ్‌సైటులోని ఒక ప్రొఫైలును పేరు తీసేసి తిరగరాసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టడం. మూడు, పత్రికల్లో వచ్చిన ఒక బహిరంగ లావాదేవీని మ్యాటరుగా రాయడం. ఈ మూడింటిలో ఎక్కడా 'బెస్ట్', 'లీడింగ్', 'నంబర్ వన్' అన్న మాటలు రాకూడదు. నేను దిద్దే నమూనాల్లో సగానికి పైగా మొదటి వాక్యంలోనే ఇక్కడ పడిపోతాయి.

న్యాయరంగ వార్తల వెబ్‌సైట్లు బార్ అండ్ బెంచ్, లైవ్‌లా రోజూ చదవండి. ఏ ఫర్మ్ ఏ లావాదేవీలో ఉంది, ఏ పార్ట్‌నరు ఎక్కడినుంచి ఎక్కడికి మారారు అన్నది తెలిసిన అభ్యర్థికీ తెలియనివారికీ తేడా అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

అమెరికాలో ఉన్నవారికి

అమెరికాలో పరిస్థితి దాదాపు తలకిందులు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో జాన్ బేట్స్, వాన్ ఓస్టీన్ అనే ఇద్దరు యువ న్యాయవాదులు తక్కువ ఫీజులకు పనిచేస్తామంటూ 1976లో పత్రికలో ప్రకటన ఇచ్చి క్రమశిక్షణ చర్యకు గురయ్యారు. 1977లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో, నిజాయితీ గల ప్రకటనను పూర్తిగా నిషేధించడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తరువాతి దశాబ్దంలోనే ఫర్మ్‌లలో ఈ ఉద్యోగం ఒక వృత్తిగా రూపుదిద్దుకుంది; ఇప్పుడు లీగల్ మార్కెటింగ్ అసోసియేషన్ అని పిలిచే సంఘం 1985లో మొదలైంది. అక్కడైనా హద్దులు లేకపోలేదు. తప్పుదారి పట్టించే మాట రాయకూడదు, సర్టిఫికేషన్ లేనిదే స్పెషలిస్టునని చెప్పుకోకూడదు, న్యూయార్క్‌లో అయితే అది లాయరు ప్రకటన అని స్పష్టంగా ముద్ర వేయాలి. నియమాలు రాష్ట్రానికొక తీరు.

అక్కడి తెలుగు కుటుంబాల్లో, జర్నలిజమో ఇంగ్లీషు సాహిత్యమో చదివి, జీవిత భాగస్వామి హెచ్-1బి మీద ఉన్నందున ఇంట్లో ఉండిపోయినవారు చాలామంది. భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే, హెచ్-4 (హెచ్-1బి వారి జీవిత భాగస్వాములకిచ్చే వీసా) వారికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మేలో అమల్లోకి వచ్చింది. మీ అర్హతను మీ ఇమిగ్రేషన్ లాయరు చేత నిర్ధారించుకోండి. అంతా కోడింగ్ శిక్షణల వైపు పరుగెత్తే చోట, ప్రపోజల్ రైటర్, మార్కెటింగ్ కోఆర్డినేటర్ అన్న పేర్లతో ఫర్మ్‌లు ఇచ్చే ప్రకటనలు కూడా ఒకసారి చూడండి. ముఖ్యంగా ఇమిగ్రేషన్ ఫర్మ్‌లకు తెలుగు క్లయింట్లు ఎక్కువ. అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభల్లో జరిగే ఇమిగ్రేషన్ సదస్సుల్లో శ్రోతలు ఏ ప్రశ్న అడిగి ఏ జవాబు అర్థంకాక వెనుదిరుగుతున్నారో గమనించి, ఆ జవాబును ఒక పేజీలో రాసి చూపగలిగితే, ఆ నమూనాకు మించిన పరిచయపత్రం ఉండదు.

ఇంటర్వ్యూలో

చాలా చోట్ల మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేది మార్కెటింగ్ తెలిసినవారు కారు, మేనేజింగ్ పార్ట్‌నరు. ఆయన సాక్షిని అడిగినట్లే అడుగుతారు, దానికి నొచ్చుకోకండి. తెలియని చట్టం గురించి అడిగితే తెలియదని చెప్పి, ఎక్కడ చూసి తెలుసుకుంటారో చెప్పండి. మీ వంతు వచ్చినప్పుడు మూడు సంగతులు తప్పక అడగాలి: నా రాతను బయటకు పంపే ముందు నిబంధన 36 దృష్టితో చూసి సంతకం పెట్టే పార్ట్‌నరు ఎవరు? మ్యాటర్ల పట్టిక ఇప్పటికే ఉందా, లేక మొదటినుంచి కట్టాలా? నేను ఒకే పార్ట్‌నరుకు జవాబుదారీనా, అందరికీనా? మూడో ప్రశ్నకు "అందరికీ" అని జవాబు వస్తే, గడువు రోజున ఇద్దరు పార్ట్‌నర్ల పనుల్లో ఏది ముందో ఎవరు తేలుస్తారని అక్కడే అడగండి. ఆ పేరు ఆఫర్ లెటరు తీసుకునేలోగా ఈమెయిల్‌లో రాయించుకోండి.